గుడ్డ కట్టిన తంబూర

ఆ ఆదివారం ఆండాలు మెట్లెక్కి గదిలోకి వచ్చేసరికి, ఆమె కూర్చునే చాప మీద అరచేయంత నల్లపెట్టె ఒకటి ఉంది. ఎవరో మరిచిపోయారనుకుని తీసి కిటికీలో పెట్టబోయింది.

"అది గాడనే ఉండనియ్ ఆండాలక్కా," అన్నాడు ప్రవీణ్, లాప్‌టాప్‌లోంచి తల ఎత్తకుండా. "శ్రుతిపెట్టె. కొత్తది తెచ్చిన. వెంట్రుకవాసి తేడా రాదు."

ప్రవీణ్‌ది మిర్యాలగూడ. కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాడు, ఫ్లూట్ వాయిస్తాడు. ఈ నలుగురి కచేరీని ప్రతి ఆదివారం సాయంత్రం నెట్‌లో లైవ్ పంపించేది అతనే. వయొలిన్ వాయించే సుకన్యది కోదాడ. మృదంగం గోపాల్‌ది త్రిపురారం. అందరికీ నడుమ పడుతుందని సూర్యాపేటలో, గోపాల్ బావమరిది విత్తనాల దుకాణం మీది గదిని పట్టుకున్నారు. తంబూర వేసే ఆండాలు ఒక్కతే ఊళ్లో మనిషి. బస్సెక్కే బాధ లేదు గనక ముందే వచ్చి గది ఊడ్చి, కిందిరోడ్డు లారీల హారన్లు లోపలికి రాకుండా కిటికీలకు బొంతలు కట్టే పని కూడా ఆమెదే అయింది. ఎవరూ చెప్పలేదు. తనే మీద వేసుకుంది.

"పోయినవారం ఏమైందో చూశావు కదా," అంది సుకన్య, వయొలిన్ కమానుకు రోజనం రుద్దుతూ.

ఆండాలు చూడకేం, వింది కూడా. మే నెల. మైకులో గాలి చప్పుడు పడుతుందని ఫ్యాన్ ఆపేస్తారు. బొంతలు కట్టిన గది ఇటుకబట్టీలా ఉడికిపోతుంది. ఆ వేడికి తీగలు సాగుతాయి, శ్రుతి దిగుతుంది. పోయినవారం చివరి కీర్తనలో ఒక తీగ రవ్వంత దిగింది. ఆ సంగతి అందరికన్నా ముందు తెలిసింది ఆండాలుకే. కానీ లైవ్ నడుస్తుండగా తీగలు బిగించే బిరడాలు తిప్పుకుంటూ కూర్చోవడం ఎలా? చూసేవాళ్లలో ఒకాయన 'తంబూర జారింది' అని రాశాడు. ఆయన రాసిన తర్వాత ఇంకో నలుగురికి కూడా అది వినపడింది.

"నీ తప్పేం లేదులే, ఎండ తప్పు," అంది సుకన్య. "ఈ పెట్టెకి ఎండా లేదు, వానా లేదు. కానీ నువ్వు లేకపోతే చూసేవాళ్లకి బోసిగా ఉంటుంది ఆండాలూ. వెనకాల తంబూర నిలబడితేనే కచేరీకి అందం. నువ్వు ఎప్పట్లాగే కూర్చో. వేళ్లు ఆడిస్తూ ఉండు. అంతే."

"మరి సప్పుడొస్తది గదా అక్కా?"

"రాకుండా చేద్దాం."

సుకన్య తన సంచిలోంచి మెత్తటి పాత నూలుగుడ్డ తీసి నాలుగు మడతలు పెట్టింది. తంబూర గుండ్రటి కాయ మీద తీగలు ఆని ఉండే చెక్కముక్కను గుర్రం అంటారు. ఆ గుర్రానికి ఇవతల, తీగలకూ చెక్కకూ మధ్య గుడ్డను చొప్పించింది. ఆండాలు చెయ్యి అడ్డంగా ఉండే చోటు అది, కెమెరాకు కనపడదు. సుకన్య ఆ పని చాలా శ్రద్ధగా, పసిపిల్లకు లంగోటీ కట్టినంత ఒద్దికగా చేసింది. ఆమెకు తంబూర అంటే గౌరవం లేక కాదు. ఆ తంబూర ఆమె గురువుగారిది.

ఆండాలు ఒక తీగ మీటి చూసింది. తడిగోడ మీద వేలితో కొట్టినట్టు 'టప్' అంది.

"తీగకి తగలనియ్యకు," అంది సుకన్య.

ఆండాలు సరేనంది. ఆమె నోట్లో నాలుక లేని మనిషేమీ కాదు. చీరల దుకాణం వాళ్లతో మాటకు మాట అనగలదు. కానీ వారంలో ఆరు రోజులు ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. కిరాయి గదిలో ఒక్కతే కూర్చుని చీరలకు ఫాల్స్ కుడుతుంది. దుకాణం పిల్లలకు ఆమె ఫాల్సమ్మ. వీధిలో వాళ్లకు 'ఆ వెనకగదామె'. ఆండాలూ అని, ఆండాలక్కా అని, కాస్త జరుగు అని, చాయ్ తాగుతావా అని మనుషులు అడిగేది ఈ గదిలో, ఆదివారం ఒక్కనాడే. ఆ ఒక్కరోజు పోతుందేమోనన్న భయం ముందు గుడ్డ ఎంత? అందుకే ఒప్పుకుంది.

తీరా మొదలయ్యాక తెలిసింది, అదేమంత తేలిక పని కాదని. తీగను మీటితే ఎప్పుడు వదలాలో తీగే వేలికి చెబుతుంది. గాలిని మీటితే చెప్పేవాళ్లెవరు? మధ్యవేలు ఒకసారి, చూపుడువేలు మూడుసార్లు. చెయ్యి తనకు తానే తొందరపడిపోతోంది. పక్కన పెట్టె మాత్రం అలుపూ సొలుపూ లేకుండా మోగుతోంది. సుకన్య ఆ రోజు హాయిగా వాయించింది. గోపాల్ మృదంగాన్ని పెట్టెకే కలుపుకున్నాడు. అయిపోయాక అందరూ బాగుందంటే బాగుందన్నారు. ఆండాలు కూడా అంది, ఎందుకంటే నిజంగానే బాగుంది.

మర్నాటి నుంచి మళ్లీ మామూలే. పెళ్లిళ్ల రోజులు కావడంతో చీరలు కుప్పలుగా వచ్చాయి. ఫాల్స్ గుడ్డను నీళ్లలో నానబెట్టి ఆరేసి, ఇస్త్రీ చేసి, చీర అంచుకు లోపలి వైపు పెట్టి, పైకి కుట్టు కనపడకుండా సూది తీయాలి. ముందు నుంచి చూస్తే అసలు కుట్టిన సంగతే తెలియకూడదు. ఆత్మకూరు నుంచి అన్న బీరయ్య ఫోన్ చేశాడు.

"ఐతారం గొర్రెను గోస్తున్నం. అందరొస్తున్నరు. నువ్వు గూడ రా చెల్లె."

"ఐతారం నాకు కచేరి ఉన్నది గద అన్నా."

"నువ్వు ఒక్కనాడు లేకపోతే కచేరి ఆగుతదా ఏంది?"

ఆయన మామూలుగానే అన్నాడు. అది తగలరాని చోట తగిలింది. "ఆగదు," అని ఫోన్ పెట్టేసింది ఆండాలు.

గురువారం నాడు ఎదురింటి నాగరాణి చీర కోసం వచ్చి, తన కొత్త ఫోన్‌లో కచేరీ పెట్టి చూపించింది. "చూడు వదినా, ఎంత మంచిగ కనపడ్తున్నవో!"

ఆండాలు సూది దారపుకండెకు గుచ్చి, ఫోన్ చేతిలోకి తీసుకుంది. తెర మీద ముగ్గురి వెనక, నీలంచీరలో తాను. తల కాస్త వంచి, తంబూరకు చెంప ఆనించి, ఎక్కడో లోకంలో మునిగిపోయినట్టు ఉంది. వేళ్లు ఆడుతున్నాయి. శబ్దం ఒక దారి, వేళ్లు ఒక దారి. మొదటి తీగది కావాల్సిన పంచమం మోగేటప్పుడు ఆమె వేలు మూడో తీగ మీద ఉంది. కొంతసేపటికి ఆమె చెయ్యి శబ్దాన్ని దాటి ముందుకు పోయింది, తర్వాత వెనకపడింది. ఇంత పచ్చిగా కనపడుతుంటే ఒక్కరన్నా అడిగి ఉంటారని కింద రాసినవన్నీ చదివించింది. వయొలిన్ గురించి రాశారు. ఫ్లూట్ గురించి రాశారు. సుకన్య చీర రంగు గురించి రాశారు. తంబూర గురించి ఒక్కటే ఉంది. "తంబూర అమ్మతోటి ఒక్కసారి మాట్లాడాలె. వచ్చే ఆదివారం లైన్‌లకు వస్త." కింద తార, భీవండి అని ఉంది.

"నీతోనే మాట్లాడ్తదట వదినా!" నాగరాణి ముఖం వెలిగిపోయింది.

ఆండాలుకు సంతోషం వేసింది. వెంటనే సిగ్గేసింది. రెండూ ఒకదానివెంట ఒకటి వచ్చేసరికి సూది ఎక్కడ గుచ్చిందో మరిచిపోయి చాలాసేపు వెతికింది.

ఆదివారం ఆమె ఎప్పటికన్నా ముందు వచ్చింది. ఊడ్చింది, బొంతలు కట్టింది, తంబూర ఒళ్లోకి తీసుకుని బిరడా మీద చెయ్యి వేసింది. ఎప్పుడూ ముందు ప్రవీణ్ ఫ్లూట్‌లో షడ్జమం ఊదుతాడు. ఫ్లూట్ ఎవరి మాటా వినదు, మిగిలినవన్నీ దాని దగ్గరికే పోవాలి. ఆమె నాలుగు తీగలనూ దాని పక్కకు తెచ్చి, గుర్రం మీద ఒక్కో తీగ కింద సన్నటి నూలుపోగును ముందుకో వెనక్కో జరుపుతుంది. ఆ పోగు సరైన చోట పడ్డప్పుడు తీగ ఒక్కసారిగా గుమ్మని విచ్చుకుంటుంది. దాన్నే జీవ అంటారు.

"దాన్ని కలపకు అక్కా, టైం వేస్ట్," అన్నాడు ప్రవీణ్. "ఎట్లాగూ ఇనపడదు గద."

అది నిజమే. ఆమె చెయ్యి తీసేసింది. గుడ్డ పోయినవారం పెట్టిన చోటే ఉంది.

రెండు కీర్తనలయ్యాక ముచ్చట్ల వేళ వచ్చింది. చూసేవాళ్లు రాసినవి ప్రవీణ్ పైకి చదువుతాడు, ఎవరైనా వీడియోలో మాట్లాడతామంటే తెర మీదికి తెస్తాడు. ఎప్పుడూ సుకన్యనే అడుగుతారు. ఆ రోజు లాప్‌టాప్ తిప్పి, "ఆండాలక్కా, నీకొచ్చింది," అన్నాడు.

తెర మీద ముప్పై ఏళ్ల మనిషి. వెనక ఇరుకుగది, మంచం మీద ఎవరో ముసలామె పడుకుని ఉంది.

"నమస్తె అమ్మా. నేను తార. మాది పెద్దవూర దిక్కు, బతుకనీకె గీడికొచ్చినం. మా అత్తకు పచ్చవాతం. ఇంట్ల పగలంత నేనూ ఆమె ఇద్దరమే. ఆమె మాట్లాడలేదు, నాకు మాట్లాడేటోళ్లు లేరు." నవ్వింది. "మీ కచేరిల, వయొలిన్ షురూ గాకముందు తంబూర ఒక్కటే మోగుతది గదా, గా ముక్కనే మళ్లమళ్ల పెడ్త. అత్త నిద్రవోతది."

ఆండాలు తెర వైపు కాస్త వంగింది. "మంచిది బిడ్డా," అంది.

"ఇంతకుముందు జర అటిటు అయ్యేటిది, పోయినవారంది మాత్రం ఎంత సాఫుగున్నదమ్మా! ఒక్క తీరుగ. మీ చేతికి దండం."

గోపాల్ మృదంగం వారును అనవసరంగా సవరించాడు. ప్రవీణ్ తెర వైపే చూస్తున్నాడు. ఏడాదిపాటు తన వేళ్లు వేసిన తంబూర అటిటు అయ్యేటిదట. గాలిలో ఆడించిన వారం సాఫుగా ఉందట. ఆండాలుకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఒక్కసారి తల ఊపితే చాలు, మాట దాటిపోయేది. కానీ ఆ మంచం మీది ముసలామె కనపడుతోంది. మాట్లాడేటోళ్లు లేరన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. ఇద్దరే ఇద్దరు మాట్లాడుకుంటున్నప్పుడు అందులో ఒకరు అబద్ధమైతే ఇక మిగిలేదేముంది?

"అది నా చెయ్యి గాదు బిడ్డా," అంది. "అది పెట్టె. నేను ఊకె వేళ్లాడిస్తున్న."

తార అర్థం కానట్టు చూసింది. అంతలో సుకన్య కిలకిలా నవ్వింది.

"మా ఆండాలు అంతేనండి. పొగిడితే ఓర్చుకోలేదు. పేరంతా పెట్టె మీదికి నెట్టేస్తుంది చూడండి."

తెర పక్కన అక్షరాలు పరుగెత్తాయి. ప్రవీణ్ అలవాటు కొద్దీ పైకి చదివేశాడు. "ఎంత వినయం! ... కళాకారులంటే ఇట్లా ఉండాలి ... అమ్మకు పాదాభివందనం." తార కూడా రెండు చేతులూ జోడించి, "గంత పెద్ద మనసు మీది," అంది.

ఒక్కసారి నోరు తెరిచి నిజం చెబితే దానికి కూడా దండ వేసి ఊరేగించారు. ఆండాలుకు ఒళ్లు మండింది. ఎండకు కాదు.

"వినయం గాదు," అంది. ఎవరూ వినలేదు. అప్పుడు ఆమె గుర్రం దగ్గర చెయ్యి పెట్టి, గుడ్డను లాగి చాప మీద పడేసింది. తంబూరను భుజానికి ఆనించుకుని, మధ్యవేలితో ఒకసారి, చూపుడువేలితో మూడుసార్లు, మనసారా మీటింది.

వారంరోజులు మూసిన గదిలో ఉడికిన తీగలు. నాలుగూ నాలుగు ఊళ్లకు పోయాయి. పక్కన పెట్టె తన శ్రుతిలో తాను మోగుతుంటే, ఆ నాలుగు తీగలు దాని మీద పడి కాట్లాడినట్టు, పందిరి కూలినట్టు వినిపించింది. సుకన్య రెండు చేతులతో చెవులు మూసుకుంది. తన జన్మలో అంత అపశ్రుతి ఆండాలు పలికించి ఉండదు. శ్రుతే తప్ప మరో గొప్ప లేని మనిషి, ఇంతమంది వింటుండగా, కావాలని దాన్ని మళ్లీ ఒకసారి మీటింది.

ప్రవీణ్ వైరు పీకేశాడు. "నెట్ పోయిందనుకుంటరు," అని గొణిగాడు.

"ఏంటిది ఆండాలూ?" అంది సుకన్య, చెవుల మీంచి చేతులు తీసి. "నలుగురిలో పరువు తీశావు కదా!"

"ఉన్నమాటే చెప్పిన అక్కా."

"ఉన్నమాట నాకు చెప్పొచ్చుగా. వాళ్లకెందుకు చెప్పడం?"

"వాళ్లే గద నన్నడిగింది. మీరు ఎన్నడడిగిండ్రు?"

గోపాల్ మృదంగం మీద చెయ్యి పెట్టుకుని, "గంత దిగిపోయిందా తంబూర! నా పక్కనే ఉండె గద," అన్నాడు. అతనికి కోపం లేదు, ఆశ్చర్యమే. "నాగ్గూడ తెలువదాయె."

"గుడ్డ ఉండె గద గోపాలన్నా," అంది ఆండాలు.

కింద లారీ ఒకటి పెద్దగా హారన్ కొట్టుకుంటూ పోయింది. ప్రవీణ్ వైరు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. "జనం పోతున్నరు మేడం. కలపాల్నా, వద్దా?"

సుకన్య కళ్లు తుడుచుకుంది. ఆమె కూడా కోదాడలో ఆరు రోజులు గోడలకు వయొలిన్ వినిపించి, ఏడో రోజు బస్సెక్కి వచ్చే మనిషే. చూసేవాళ్లు పోతే ఆమెకు మాత్రం ఎవరున్నారు? ఆ సంగతి ఆండాలుకు ఆ క్షణంలోనే తట్టింది, జాలేసింది కూడా. కానీ సుకన్య వంగి, చాప మీది గుడ్డ తీసి, మడత పెట్టి ఇచ్చింది.

"ఇప్పటికిప్పుడు నాలుగు తీగలూ కలపాలంటే ఎంతసేపవుతుంది? ఈ ఒక్క కీర్తనకి పెట్టేయ్. తర్వాత మాట్లాడుకుందాం. నీకు దండం పెడతాను."

ఆండాలు గుడ్డను చేతిలోకి తీసుకుంది. రేపు సోమవారం. ఎల్లుండి మంగళవారం. ఫాల్స్, సూది, వెనకగది. మళ్లీ ఈ చాప మీద కూర్చోవాలంటే దారి ఇదొక్కటే. ఆమెకు కూర్చోవాలనే ఉంది. ఎంత ఉందో ఆమెకే తెలుసు.

తంబూరను నెమ్మదిగా నేల మీద పడుకోబెట్టింది. గుడ్డను దాని పక్కన పెట్టి లేచింది.

"ఎక్కడికి?" అంది సుకన్య.

"ఎక్కడికి వోను. గీ ముందట కూసుంట. మీరు వాయించుండ్రి."

"ముందు కెమెరా ఉంది కదా!"

"కెమెరా ఎనుక."

కెమెరా పెట్టిన ముక్కాలి బల్లకు అవతల, గోడవారగా ఉత్తనేల మీద కూర్చుంది. ప్రవీణ్ ఆమెను చూశాడు, సుకన్యను చూశాడు, వైరు పెట్టాడు. "నెట్ ప్రాబ్లం వచ్చిందండి," అని తెరతో అన్నాడు. పెట్టె మోగింది. వెనక చాప ఖాళీగా ఉంది.

సుకన్య కమాను ఎత్తింది. ఏడాదిగా ఆ గదిలో వాయించే నలుగురే తప్ప వినే మనిషి ఒక్కరూ లేరు. వాళ్ల చూపులన్నీ గాజుకన్నుకు అలవాటు పడిపోయాయి. ఆ రోజు సుకన్య చూపు ఎన్నిసార్లు తెర మీద నిలిపినా జారి, దాని పక్కన కూర్చున్న ముఖం మీదికే వచ్చింది. మొదట బెరుకుగా, కాస్త కోపంగా. ఆండాలు కదలకుండా వింది. వెనకనుంచి ఇన్నాళ్లూ ఆమె చూసింది సుకన్య జడనీ గోపాల్ వీపునీ. ముందునుంచి చూస్తే వయొలిన్ ఇంత దిగులుగా ఉంటుందని ఆమెకు తెలియదు. చరణంలో స్వరాలు మెలికలు తిరిగే ఒక సంగతిని సుకన్య ఎప్పుడూ గబగబా దాటించి పోతుంది. అక్కడ ఆండాలుకు తెలియకుండానే 'ఆహా' అని పెదవులు కదిలాయి. సుకన్య ఆగింది. ఆ సంగతిని మళ్లీ వేసింది, ఈసారి దాటించకుండా, నిదానంగా, ఎదురుగా ఉన్న మనిషికి అందేలా. గోపాల్ ప్రవీణ్ వైపు కాకుండా ఆండాలు తొడ మీద తాళం వేసే చేతిని చూస్తూ వాయించాడు. ప్రవీణ్ ఒక చోట ఊపిరి తప్పి, నవ్వి, మళ్లీ అందుకున్నాడు.

కీర్తన అయిపోయింది. ఎప్పుడూ ఆ తర్వాత గదిలో ఏ చప్పుడూ ఉండదు. తెర మీద అక్షరాలు వస్తాయి, అంతే. ఆండాలు చప్పట్లు కొట్టింది. ఒక్క మనిషి చప్పట్లు వినడానికి ఎంత బీదగా ఉంటాయో, అంత బీదగానూ ఉన్నాయి. అయినా ఆపలేదు. సుకన్య వయొలిన్‌ను ఒళ్లో పెట్టుకుని తల దించుకుంది.

"తార అడుగుతున్నది," అన్నాడు ప్రవీణ్ తెర చూసి, కాస్త ఆగి. "తంబూర అమ్మ ఏది, చప్పట్లు కొట్టిందెవరు అని."

అతను సుకన్య వైపు చూశాడు, ఏం చెప్పమంటారన్నట్టు. సుకన్య వయొలిన్ పక్కన పెట్టింది. తర్వాత మైకు తీసి, కెమెరా మీదుగా చెయ్యి చాచి, ఆండాలుకు అందించింది.

ఆండాలు మైకును రెండు చేతులతో పట్టుకుంది. అది వేడిగా ఉంది.

"నేనే బిడ్డా," అంది. "ఆండాలును. ఇయ్యాల నేను వాయిస్తలేను. వింటున్న."